వేటకు పోయే మనిషిని వెనక్కి పిలిచిన రోజు

నేను జువ్వలదిన్నెకు కాపురానికి వచ్చిన ఏడాదే మా అన్న బొంబాయిలో వాతావరణం చూసే ఆఫీసులో ఉద్యోగంలో చేరాడు. అరవైల చివరి మాట. పరాయి దేశం వాళ్లు ఆకాశంలోకి ఒక ఉపగ్రహం పంపారు. అది భూమి చుట్టూ తిరుగుతూ పైనుంచి ఫొటోలు తీస్తుంది. అందుకునే యంత్రం కట్టుకున్న దేశానికి ఆ ఫొటోలు ఉచితం. అక్కడి నుంచి వచ్చిన ఇంజనీర్లతో కలిసి మా అన్నవాళ్లు ఆ యంత్రం కట్టారు. ఇంకొన్నేళ్లలో ఉపగ్రహం కూడా మనమే చేస్తామని అన్న కోతలు కోసేవాడు. మా అత్త మాత్రం, "పైనుంచి ఫొటో తీస్తే నడినెత్తి తప్ప ఏం కనపడతాదంట?" అని నవ్వేది.

కార్తీకమాసంలో అన్న సెలవు మీద వచ్చాడు. గూడూరులో రైలు మారి, నేరుగా మా ఇంటికే వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా మా ఆయన్ని పట్టుకున్నాడు.

"బావా, నేను బయలుదేరిన రోజు ఫొటోలో చూసినా. సముద్రం మీద సుడి తిరిగిన మబ్బు ఉండాది. మన దిక్కే వచ్చేట్టుంది. రెండు రోజులు వేటకు పోబాకండి."

మా ఆయన సముద్రం కేసి చూపించాడు. నీళ్లు నూనె పోసినట్టు కదలకుండా ఉన్నాయి. ముందురోజే వలల నిండా చేపలు పడ్డాయి.

"నీ ఫొటో పాతది బావా. మా సముద్రం ఇయ్యాల్టిది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపమైతే బతిమాలుకునేదాన్ని. ఆ నెమ్మది చూసి భయమేసింది.

తెల్లవారుజామున మగవాళ్లు దుంగలు తాళ్లతో కట్టి తెప్పలను నీళ్లలోకి తోస్తున్నారు. వేటకు పోయే మనిషిని ఆడమనిషి వెనక నుంచి పిలవకూడదు. పిలిచిందంటే ఆ రోజు ఊరంతా వేట మానుకోవాల్సిందే. ఇక మొగుణ్ని పేరు పెట్టి పిలిస్తే అతని ఆయుష్షు తగ్గుతుందంటారు. ఆ నమ్మకం నాకూ ఉంది. అయినా ఇసకలో పరిగెత్తి, అందరూ వినేలా, మా ఆయన్ని పేరు పెట్టి పిలిచాను.

తోస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. ఒక్కొక్కరే తిట్టుకుంటూ తెప్పలు ఒడ్డుకు లాగారు. మా అత్త నన్ను రెక్క పట్టి ఇంటికి ఈడ్చుకొచ్చింది. "మొగుణ్ని సముద్రానికిచ్చి నేను బతికింది చాల్లేదా? నా కొడుకు ఆయుష్షు తగ్గించేదానికి వచ్చినావా?" అని నెత్తీ నోరూ కొట్టుకుంది.

మధ్యాహ్నం దాకా ఎండ పెళ్లున కాసింది. మా ఆయన అన్నం కూడా తినకుండా వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. తుఫాను రాకపోతే ఈ ఊళ్లో తలెత్తుకోలేను. వస్తే ఊరేమవుతుందో. ఏది కోరుకోవాలో తెలియక దేవుడికి దణ్ణం కూడా పెట్టుకోలేదు.

సాయంత్రానికి గాలి తిరిగింది. దీపాలు పెట్టే వేళకు ఇళ్ల మీది తాటాకు లేచిపోతోంది. అందరం దిబ్బ మీది బడిలోకి పరిగెత్తి, ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. మా ఊళ్లో అందరి ప్రాణాలూ దక్కాయి. ఆ ఉదయం వేటకు పోయిన పక్క పల్లె తెప్పల్లో ఒక్కటీ తిరిగి రాలేదు.

గాలి తగ్గాక అన్నను అడిగాను. "అంత ఖాయంగా ఎట్ట చెప్పినావన్నా?"

అన్న ముఖం పాలిపోయి ఉంది. "ఖాయమని నాకెట్ట తెలుస్తాది పాపా? ఫొటోలో మబ్బు ఉంటాది గానీ ఊళ్లు ఉండవు. తీరం యాడుందో లెక్కేసి మేమే దాని మీద గీతలు గీస్తాం. లెక్క తప్పితే ఆ మబ్బు బర్మా దిక్కున ఉండొచ్చు. నువ్వు ఈడ ఉండావని భయమేసి చెప్పినా."

ఊరందరి వేటా నేను ఆపింది ఆ గీతలను నమ్మి. అది తెలిసినప్పుడు వేసినంత భయం గాలివానలో కూడా వెయ్యలేదు.

సెలవు అయిపోయి అన్న బొంబాయి వెళ్లిపోయాడు. మా ఆయన ఇసకలో కూరుకుపోయిన దుంగలు వెతికి తెచ్చి మళ్లీ తెప్ప కట్టుకున్నాడు. వేటకు పోయే రోజు గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరగకుండానే, "ఏమన్నా చెప్తావా?" అని అడిగాడు.

"ఏం లేదు, పోయిరా" అన్నాను. ఆ రోజు మబ్బు ఎక్కడుందో నాకేం తెలుసు?