ముందు చక్రం కింద కాగితం

పోటీ రోజు ర్యాంపు దగ్గర మేం నలుగురు విద్యార్థులం, మా రోబో, ఒకే ఒక్క సర్క్యూట్ బోర్డు, మా కాలేజీ ల్యాబ్ అటెండర్. ర్యాంపు ఎక్కుతూ రోబో వెనక్కి పడితే ఆ బోర్డు పగులుతుంది. మాకు ఇంకొకటి లేదు.

రోబోను వాలు మీద నిలబెట్టినప్పుడల్లా అటెండర్ దాని ముందు చక్రం కింద కన్నడ పేపరు ముక్క పెట్టి లాగి చూసేవాడు. ముందు చక్రం మీద బరువు ఆనితే అది ఊడిరాదు. ఆ రోజు అది సులువుగా వచ్చేసింది. నేను నోట్‌బుక్కు తెరిచి చూపించాను.

"లెక్క సరిగ్గానే ఉందన్నా."

"లెక్క నీ నోట్‌బుక్కులో ఉండాదప్పా. బరువు వెనకాల ఉండాది."

బ్యాటరీని ముందుకు జరిపాను. ఆయన మళ్లీ లాగాడు. ఈసారి కాగితం చిరిగింది.

"ఇప్పుడు ఎక్కించప్పా."

రోబో పైకి చేరేదాకా ఆయన బిగించిన గుప్పిట విప్పలేదు. అందులో, చిరిగి చేతికొచ్చిన కాగితం ముక్క పొడవు నాలుగు సెంటీమీటర్లు.