అయిదు నక్షత్రాల నేస్తం

మాటతో మనిషిని కాల్చడం అందరికీ చేతకాదు. ఆవిడకి మాత్రం అది వెన్నతో పెట్టిన విద్య.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆవిడని వెనకాల అందరూ అగ్గిపెట్టె అనేవారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. ఏళ్ళ తరబడి సమాచారం కౌంటరు ఆవిడదే. ఎవరైనా వచ్చి నసిగితే చాలు, "ఏం కావాలో తెలీకుండా ఎందుకొచ్చావు? ఫ్యాను కింద చల్లగా ఉంటుందనా?" అని అందుకునేది. తలలు నెరిసిన ప్రొఫెసర్లకీ అదే వడ్డన. అంతా అయ్యాక లేచి వెళ్ళి, అడిగినవాళ్ళకే సరిగ్గా తెలియని పుస్తకాన్ని పట్టుకొచ్చి వాళ్ళ ముందు పడేసేది. తప్పు పుస్తకం ఒక్కనాడూ ఇవ్వలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

కాలం ఎవరి కోసమూ ఆగదు కదా. చూస్తుండగానే కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళు పలచబడ్డారు. పుస్తకాలు సగం ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. పాఠకులు అడగడం మానేశారా, లేక ఇంకెక్కడో అడుగుతున్నారా అని గ్రంథాలయాధికారి, అదే అందరూ పెద్దాయన అనే ఆయన, జుట్టు పీక్కున్నాడు. చివరికి ఒక కొత్త సేవ మొదలుపెట్టాడు. గ్రంథాలయం వెబ్‌సైటులో ఒక చిన్న కిటికీ ఉంటుంది. అందులో ఎవరైనా ఏదైనా అడగొచ్చు. ఇవతల ఒక మనిషి కూర్చుని జవాబు టైపు చేస్తారు. అడిగేవాళ్ళ పేరు అడగకూడదు, చెప్పేవాళ్ళ పేరు చెప్పకూడదు. జవాబు నచ్చితే అయిదు నక్షత్రాల దాకా నొక్కొచ్చు. ఆ కిటికీకి 'నేస్తం' అని పేరు పెట్టారు.

మరి అక్కడ కూర్చునేదెవరు? పెద్దాయన ఆవిడనే పిలిచాడు.

"అమ్మా, మీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలీదు. కానీ మీ మొహం చూస్తే జనం పారిపోతున్నారు. ఏమీ అనుకోకండి, మొహం కనపడని చోట కూర్చోండి."

అనుకోకుండా ఎలా ఉంటుంది? అనుకుంది, రెండు పూటలు అన్నం మానేసింది కూడా. తర్వాత వెళ్ళి పాత పత్రికల గది వెనక, జిగురు వాసన కొట్టే ఇరుకు గదిలో, కదిలితే కీచుమనే కుర్చీలో కూర్చుంది.

మొదటి రోజు ఎవరో అడిగారు: "పుస్తకాలు ఎక్కడుంటాయండీ?" ఆవిడ వేళ్ళు చకచకా "నీ నెత్తిమీద" అని కొట్టేశాయి. పంపే ముందు ఒకసారి చూసుకుంది. నోట్లోంచి వచ్చిన మాటని ఇలా చూసుకునే అవకాశం ఆవిడకి జన్మలో దొరకలేదు. చెరిపేసి, "రెండో అంతస్తులో అండీ. ఏ విషయం మీద కావాలో చెప్తే దారి చూపిస్తాను" అని రాసింది. "భయపడుతూ అడిగానండీ, థాంక్యూ" అని జవాబు వచ్చింది, వెనకే అయిదు నక్షత్రాలు. ఆవిడ ఆ నక్షత్రాలకేసి కాసేపు అలా చూస్తూ ఉండిపోయింది.

ఇక చూడండి, అగ్గిపెట్టె కాస్తా పాలమీగడ అయిపోయింది. ఒకటికి రెండుసార్లు చెరిపి రాసేది. నెలలు గడిచేసరికి నేస్తం పేరు విద్యార్థుల నోళ్ళలో నానింది, పని పెరిగి ఆవిడ చేతికింద ఇంకో ఇద్దరు చేరారు. ఆవిడకి పరిశోధన బుద్ధి మొదటినుంచీ ఉంది. పేర్లు లేని ఆ సంభాషణలన్నీ ముందు వేసుకుని ఒక వ్యాసం రాసింది. జనం ప్రశ్నకంటే ముందు క్షమాపణ అడుగుతున్నారు, కాబట్టి వాళ్ళకి పుస్తకం కంటే ముందు కావలసింది సిగ్గుపడకుండా అడగగలిగే చోటు అంది. ఇంకో సంగతి కూడా పట్టుకుంది. నేస్తం ఏం చెబితే అది నమ్మేస్తున్నారు, నిజమో కాదో మరోచోట చూసుకునేవాళ్ళు కలికానికి కూడా లేరు. "ఇక్కడ కూర్చున్న మనిషి అబద్ధం చెబితే పట్టుకునే నాథుడు లేడు" అని చివర ఒక వాక్యం తగిలించింది.

"రాతలో కూడా నిప్పులేనా అమ్మా?" అని పెద్దాయన ఆ వాక్యం కొట్టేయించాడు. సభలో వ్యాసం చదివితే చప్పట్లు కొట్టారు.

అది రచ్చ. ఇక ఇంటి సంగతి. పగలంతా కిటికీలో చెరిపేసిన మాటలన్నీ సాయంత్రానికి ఇంట్లో తేలేవి. ఇంటాయన కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి, ఏదో ఒక మిషను విప్పి తల అందులో దూర్చేసుకుని బతికేసేవాడు. మిగిలింది కూతురు. ఊరికి ఆ చివర ఉన్న ఇంకో ప్రాంగణంలో జంతుశాస్త్రం చదువుతోంది, అందులోనూ గబ్బిలాలంటే పిచ్చి. అమ్మ ఇంకా కౌంటరులోనే కూర్చుని జనాన్ని తిడుతోందనే ఆ పిల్ల అనుకునేది. అడిగితే "నా ఉద్యోగం నీకెందుకే, నీ చదువు నువ్వు చూసుకో" అనేది తల్లి.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర పిల్ల నెమ్మదిగా మొదలుపెట్టింది.

"అమ్మా, కొండల్లో గుహల దగ్గర ఒక పరిశోధన కేంద్రం ఉందిట. ఏడాది అక్కడే ఉండి పనిచెయ్యాలి. మా సారు నన్ను అప్లై చెయ్యమన్నారు."

"గబ్బిలాలకి పుట్టావా, నాకు పుట్టావా? గుహలో తలకిందులుగా వేలాడతావా? నీ మొహానికి అదొక్కటే తక్కువ."

"పోనీ, ఏంటో ఒకసారి విను..." అన్నాడు ఇంటాయన.

"మీరు మిషను చూసుకోండి."

పిల్ల కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే ఆవిడకి ఆ పిల్లంటే ప్రాణం. పిల్ల లేని ఇల్లు తలచుకుంటేనే ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ ప్రాణం బయటికి రావడానికి ఉన్న దారి ఒక్క నోరే, ఆ నోరేమో అలాంటిది.

వారం తిరక్కుండానే కిటికీలో ఒక ప్రశ్న వచ్చింది. "సారీ అండీ, విసుక్కోకండి. గుహల్లో ఉండే గబ్బిలాల మీద ఈ మధ్య వచ్చిన వ్యాసాలు దొరుకుతాయా?" గబ్బిలాల మీద చదివేవాళ్ళు ఇంకెవరో ఉండకపోతారా అని సర్దిచెప్పుకుని ఆవిడ వెతికి ఇచ్చింది. మర్నాడు మళ్ళీ వచ్చారు. "ఎంత ఓపికండీ మీకు. మా అమ్మని ఏదైనా అడిగితే గబ్బిలాలకి పుట్టావా నాకు పుట్టావా అంటుంది."

అది భోజనాల దగ్గర ఆవిడ అన్న మాటే.

అవతల ఉన్నది తెలిసిన మనిషని తేలగానే ఆ సంభాషణ ఇంకొకరికి అప్పగించాలి. ఆ పద్ధతి పెట్టింది కూడా ఆవిడే. అయినా అప్పగించలేదు. కన్నకూతురు తనని మెచ్చుకోవడం ఆవిడకి కొత్త. ఆ రుచి మరిగింది. ఎక్కడెక్కడి గ్రంథాలయాలకో రాసి దొరకని వ్యాసాలు తెప్పించింది. అప్లికేషనులో రాయాల్సిన పాత పరిశోధనల సారాంశం దగ్గరుండి దిద్దించింది. ఇంట్లో ఆ పిల్లతో పొడి మాటలే, కిటికీలో మాత్రం పూటకో కబురు.

"మీరు ఇంట్లో కూడా ఇలాగే ఉంటారా అండీ? మీ పిల్లలు అదృష్టవంతులు" అని రాసింది పిల్ల ఒకరోజు.

"సొంత విషయాలు చెప్పకూడదండీ" అని ఆవిడ జవాబిచ్చింది.

తను దిద్దిస్తున్నది పిల్ల ఇల్లు దాటడానికి కావలసిన కాగితమేనని ఆవిడకి తెలియక కాదు. తల్లి వద్దన్నాక పిల్ల ఎలాగూ పంపదు, ఈ నాలుగు రోజుల ముచ్చట నాకు మిగులుతుంది అనుకుంది. పిల్లని అంత తక్కువ అంచనా వేసింది.

"అప్లికేషన్ అయిపోయిందండీ. అంతా మీ దయే. ప్రకటనలో ఆఖరి తేదీ ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. మా సారు ఊళ్ళో లేరు. కేంద్రం వాళ్ళు నా ఫోను ఎత్తట్లేదు. మీరు కనుక్కుని చెప్తారా? ఇంట్లో చెప్పకుండా వెళ్ళిపోతాను. చెప్తే బతకనివ్వదు."

ఆవిడ గ్రంథాలయం ఫోను నుంచి కేంద్రానికి చేసింది. "ఇంకా వారం ఉందమ్మా. అసలు ఒక్కరూ పంపలేదు. ఎవరో గానీ త్వరగా పంపమనండి, సీటు వాళ్ళదే" అన్నాడు అక్కడి గుమాస్తా.

"ఇంకా వారం ఉందట" అని టైపు చేసింది. చెరిపేసింది. "కనుక్కున్నానండీ. రెండిట్లో ముందు తేదీయే ఖాయమట. గడువు దాటిపోయింది, ఇక తీసుకోరట" అని రాసింది. ఆ పిల్ల ఇంకెక్కడా వాకబు చేయదని ఆవిడకి తెలుసు. ఆ సంగతి పరిశోధించి మరీ చప్పట్లు కొట్టించుకున్న మనిషి కదా! పంపేసింది.



"మీరే కనుక్కున్నారంటే ఇంక తిరుగేముందండీ. నా కోసం శ్రమపడ్డారు." వెనకే అయిదు నక్షత్రాలు.

ఆ సాయంత్రం పిల్ల అన్నం ముట్టలేదు. "ఏం కొంపలు మునిగాయని ఆ ఏడుపుమొహం?" అంది తల్లి. ఏ కొంప మునిగిందో, ఎవరు ముంచారో తెలిసి కూడా ఆ మాట అనగలిగింది చూడండి, అదీ ఆవిడ గుండె. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

నెల తర్వాత పిల్ల మళ్ళీ కిటికీ తెరిచింది.

"మా సారు వచ్చారండీ. ఎందుకు పంపలేదని కేకలేశారు. మీరు చెప్పిన తర్వాత కూడా ఇంకా వారం గడువుందట. ఎవరూ రాకపోతే సీటు ఖాళీగా వదిలేశారట. వచ్చే ఏడాది నుంచి కేంద్రమే ఎత్తేస్తున్నారు. మాట నిలబెట్టుకోలేని మనిషివి, ఇంకెక్కడికీ నీ పేరు చెప్పను అన్నారు సారు."

ఆవిడ ఏదో రాయబోయింది. అంతలో ఇంకో మాట వచ్చి పడింది.

"మీరు బాధపడకండి. మీరు చెప్పారని సారుకి చెప్పలేదు. ఎన్ని పనుల్లో ఉండి విన్నారో, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అదే మా అమ్మయితే కావాలనే చేసేది. మీరు అలాంటివారు కాదు."

క్షమించేసింది. పెద్దాయన ఈ సంభాషణ చూసి, పేరు లేదు కదా అని సిబ్బంది సమావేశంలో చదివి వినిపించాడు. "పొరపాటు జరిగినా పాఠకుల నమ్మకం పోలేదు చూశారా, ఇదీ సేవంటే" అన్నాడు. మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆవిడ లేచి నమస్కారం పెట్టి కూర్చుంది.

ఆ రోజు ఇంటికి వెళ్తూ దారి పొడుగునా మాట ఏరుకుంది. కిటికీలో చేసినట్టే అనుకుని, చెరిపి, మళ్ళీ అనుకుంది. పిల్ల గది గుమ్మం దగ్గర నిలబడి, "ఏమ్మా, తిన్నావా? ఒంట్లో బావుందా?" అంది.

అవతలి గదిలో మిషను చప్పుడు ఆగిపోయింది. ఇంటాయన తల బయటికి పెట్టి చూశాడు.

"ఎందుకు?" అంది పిల్ల.

"ఊరికే."

"తిన్నా." పిల్ల లేచి వచ్చి తలుపు దగ్గరగా వేసేసుకుంది.

మర్నాడు పొద్దున్నే కిటికీలో మొదటి ప్రశ్న పిల్లదే.

"గ్రంథాలయం సంగతి కాదండీ, ఏమీ అనుకోకండి. అడగడానికి నాకింకెవరూ లేరు. నిన్న మా అమ్మ నన్ను మెత్తగా పలకరించింది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేదు. భయమేస్తోంది. నాకు తెలీకుండా నాకేదో చేసే ఉంటుంది. మీరేమంటారు?"

ఆవిడ ఆ ప్రశ్నని మళ్ళీ మళ్ళీ చదివింది. తెలియంది తెలియదని చెప్పాలి, తెలిసింది దాచకూడదు అని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది ఆవిడే. ఈ ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే.

"చేసే ఉంటుందండీ" అని రాసింది. ఈసారి చెరపలేదు. కింద ఎప్పటిలాగే "ఇంకేమైనా సహాయం కావాలా?" అని చేర్చి పంపింది.

"చాలండీ. నాకు నిజం చెప్పే మనిషి మీరొక్కరే" అని రాసి, పిల్ల అయిదు నక్షత్రాలు నొక్కి వెళ్ళిపోయింది.