మిషను ముందు ప్రమాణం

పెద్దపంజాణి పొలాల్లో కూలి చేసిన వసంతమ్మకు పుంగనూరు పట్టునూలు ఫ్యాక్టరీలో నెలజీతం ఉద్యోగం దొరికింది. నూలు గది తాళంచెవి ఆమె కొంగుకే ఉండేది. గదిలో నూలు మూటొకటి మాయమైన నాడు ఆ తాళంచెవి మేనేజరు నాగేంద్ర బల్లమీదికి చేరింది.

"బెంగుళూరు నుంచి అబద్ధాలు పట్టే మిషను వస్తాండాది. ఇష్టముంటేనే సంతకం పెట్టమ్మా, బలవంతమేం లేదు," అని అతడు నవ్వాడు. కుప్పం బ్రాంచీలో ఇష్టం లేదన్న మునెప్పను మరునాడు గేటు లోపలికి రానివ్వలేదని అందరికీ తెలుసు.

మదనపల్లెలో ప్లీడరు వద్ద పనిచేసే అక్క కూతురు హేమలత ఫోనులో మొత్తుకుంది.

"చిన్నమ్మా, మన ఇష్టం లేకుండా ఆ మిషను పెట్టకూడదని సుప్రీం కోర్టే చెప్పుండాది. పోలీసోళ్లకే లేని హక్కు వీళ్లకు యాడిది? వద్దను."

"వద్దంటే దొంగంటారే. కాణిపాకంలో ప్రమాణానికి వెనకాడినోళ్లను ఏమంటారో నీకు తెలీదా?"

"ఆడుండేది దేవుడు. ఈడుండేది కరెంటు వైరు!"

"నిజం జెప్పేదానికి ఏదైతే ఏముండాది? పెట్టేయ్ ఫోను."

ప్రమాణానికి వెళ్లేవారి నియమాలన్నీ ఆమె పాటించింది. ముందునాటి నుంచి పచ్చిమంచినీళ్లు సైతం ముట్టలేదు. తెల్లవారి తలస్నానం చేసి, తడిజుట్టు ముడుచుకొని వెళ్లి, సంతకం చేసి కూర్చుంది. మిషను మనిషి ఆమె ఛాతీకి పట్టీ బిగించి, వేళ్లకు వైర్లు తగిలించాడు.

"టిఫిన్ అయిందా అమ్మా?"

"అయిందప్పా."

బస్సులో పక్కవారడిగినా, వీధిలో ఎదురైనవారడిగినా ఆ మాటకు ఆమె జవాబెప్పుడూ అదే.

"నూలు మూట మీరు తీశారా?"

"లేదప్పా."

నాలుక పిడచకట్టుకుపోయింది. ఖాళీ కడుపు మెలిపెట్టింది. తెరమీద గీత పాము పడగలా లేచింది.

"సార్, ఈమె టిఫిన్ మాట దగ్గరే గీత కదిలింది," అన్నాడు మిషను మనిషి, పక్కనున్న నాగేంద్రతో. "మొదటి జవాబే అబద్ధం."

తినలేదని చెప్పబోయి వసంతమ్మ ఆగిపోయింది. చెబితే, ప్రమాణంలో అబద్ధమాడానని తన నోటితో తానే ఒప్పుకున్నట్లు. ఆ తరువాతి "లేదు"ను ఇక నమ్మేదెవరు?

"సంతకం నువ్వే పెట్టినావు కదమ్మా," అంటూ నాగేంద్ర చేయి చాచాడు. "కార్డు ఇట్లియ్యి."

మెడలోని గుర్తింపు కార్డు తీయడానికి ఆమె వైర్లున్న చేతినే ఎత్తింది. తెరమీద గీత మళ్లీ లేచింది.