ఎల్లారెడ్డిలో తెల్ల మచ్చ

సికింద్రాబాద్‌లో ఉదయం ఆరున్నరకు మీటర్‌గేజి ప్యాసింజరు ఎక్కేటప్పటికి నా చంకలో గొట్టంలా చుట్టిన కాగితం ఒకటి ఉంది. అది ఉపగ్రహం తీసిన ఎల్లారెడ్డి చిత్రం. ఆకాశం నుంచి ఊళ్లకు ఫోటోలు తీసి అమ్మే రోజులొచ్చాయి. మా మ్యాపుల కంపెనీ వాటిని కొని, అందులో ఏది ఏమిటో గుర్తించి, అడిగినవాళ్లకు ఇస్తుంది. ఈ చిత్రంలో ఊరి చివర ఒక తెల్ల మచ్చ ఉంది. అంతకుముందు చిత్రంలో లేదు. ఎవరో పైమట్టి తీసేస్తే పలుగురాయి బయటపడిందని మా అనుమానం. అదే నిజమైతే తవ్వుకోవడానికి ఒక రాతిపొడి వ్యాపారి కాచుకుని ఉన్నాడు. "వెళ్లి కాళ్లతో తొక్కి చూసి రా" అన్నాడు మేనేజరు. ఆఫీసు ఖర్చుతో తిరగడం నాకు ముందే ఇష్టం, పైగా ఆ మచ్చ వారం రోజులుగా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

భిక్నూరులో ఎదురు బండి కోసం ఆపి, కామారెడ్డిలో దించేసరికి పది దాటింది. స్టేషను బయట ఇడ్లీ తిని, చాయ తాగి బస్టాండుకు నడిచాను. ఎల్లారెడ్డి వెళ్లేవారికి ఒక మాట. బస్సు ఆగకముందే కిటికీలోంచి జేబులోని దస్తీ వేసి సీటు ఆపుకోవాలి, లేకపోతే లింగంపేట దాకా నిలబడాల్సిందే. నేనూ వేశాను. ఎక్కి చూస్తే నా దస్తీ కింద ఇంకో దస్తీ ఉంది.

"ఇద్దరం సర్దుకుందాం రాండ్రి సార్" అన్నాడు దాని యజమాని. పేరు ఖాజా, ఎల్లారెడ్డి దర్జీ కొడుకు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అతని ఒళ్లో పేపర్లో చుట్టిన అట్ట ఉంది. ఏమిటని అడిగితే విప్పి చూపించాడు. రంగుల్లో గీసిన గడ్డం మనిషి.

"మా అబ్బా. నేను దుబాయిల ఉండంగనే పాణం పోయింది. వచ్చేసరికి మట్టిచేసుడు గుడ అయిపోయింది. ఫోటో దిగుడు పాపం అనేటోడు సార్, ఇంట్ల ఒక్కటి లేదు. కామారెడ్డి స్టూడియోల నోటితోని చెప్పి గీయిస్తున్న. గిది మూడోది. గీ ముక్కు మాది గాదు."

సెలవు అయిపోవస్తోందనీ, తండ్రిది ఏదో ఒకటి వెంట తీసుకుపోకపోతే అక్కడ మనసు నిలవదనీ చెప్పాడు. నేను నా కాగితం విప్పి, కిందటేడు తీసిన చిత్రమని చెప్పాను. అతను ఎంతో ఆసక్తిగా వంగాడు.

"గీ ఫోటోల మనుషులు కనబడ్తరా?"

"కనబడరు. ఒక్క చుక్కలో ఆరు మీటర్ల నేల ఇమిడిపోతుంది. కారు కూడా కనిపించేంత సన్నంగా చూసేవి బయటి దేశాల కంపెనీలు తెస్తాయంటున్నారు."

"తెచ్చినా పైకెళ్లి చూస్తే మొహమెట్ల కనబడ్తది" అని తనే జవాబు చెప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి ఎల్లారెడ్డిలో దిగాం. దారి చూపిస్తానని ఖాజా కూడా వచ్చాడు. మచ్చ ఉండాల్సిన చోట ఈద్గా గోడ, దాని ముందు ఎర్రమొరం మైదానం, నాలుగు మేకలు. మడమతో గీసి చూశాను, కొంచెం తవ్వి చూశాను. తెల్లరాయి పలుకైనా లేదు. ఇంత దూరం వచ్చి వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను.

"సున్నం గిట్ల పోసిన్రేమో, నేనప్పుడు ఈడ లేను. మా అమ్మీని అడుగుదాం, బువ్వ గుడ తిని పోదురు" అన్నాడు ఖాజా.

వాళ్ల ముందుగదిలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఖాజా తల్లి జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. తింటూ చిత్రం తీసిన తేదీ చెప్పాను. ఆమె నావైపు వింతగా చూసింది.

"గది రంజాన్ పండుగ గద బాబు. గవి నమాజుకు కూసున్నోళ్ల తెల్లబట్టలు."

తల కొట్టుకున్నంత పనైంది. ఆ రోజు మా ఆఫీసుకూ సెలవే. అయినా ఒక చిక్కుంది. ఈ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. "ఆ వేళకు నమాజు అయిపోయి అందరూ ఇళ్లలో సేమ్యా తింటూ ఉండాలి కదమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. "ఆ ఏడు ఆలస్యమైంది. మా ఆయనతోనే అయింది. ఊర్ల సగం కుర్తాలు ఈయన దగ్గర్నే, ఎవ్వరిని కాదనడు. పండుగ పొద్దు దాక గుండీల కాజాలు కుట్టుకుంటనే ఉన్నడు. కొత్తబట్ట రానోళ్లు ఇంట్ల కూసుంటే పెద్దమనుషులు వాళ్ల కోసం ఆగిన్రు. ఆఖరి కుర్తా ఇచ్చి ఈద్గాకు ఉరికిండు. అందరు కోపం చేసిన్రు." నవ్వు అలాగే ఉండగా ఆమె కళ్లు నిండాయి.

ఖాజా రొట్టె వదిలేశాడు. "అయితే సార్, అబ్బా గీ ఫోటోల ఉన్నడా?"

"ఉన్నాడు. ఏ చుక్కో నేను చెప్పలేను."

"నేను చెప్త" అంది తల్లి. నమాజుకు అందరూ తిరిగి కూర్చునే పడమర గోడ చిత్రంలో ఎటుందో అడిగి తెలుసుకుని, మచ్చకు తూర్పు అంచు మీద వేలు పెట్టింది. "ఎనుక వరుసల ఉంటడు. ఆలస్యంగ పోయిండు గద."

కత్తెర ఉందా అని అడిగాను. ఆమె మిషను సొరుగులోంచి పెద్ద కత్తెర తీసింది.

"అమ్మీ, గది బట్ట కత్తెర. కాగితం కోస్తే పదును పోతదని అబ్బా ముట్టనిచ్చెటోడా?"

"ఇయ్యాల ఏమనడు, కొయ్యనీ."

మచ్చ చుట్టూ అరచేతి మేర కోసి ఖాజాకు ఇచ్చాను. అతను తల్లివైపు సందేహంగా చూశాడు. తండ్రి పాపమన్న ఫోటోనే తీసుకుపోవడమెలాగని కాబోలు.

"మొహం లేదు గద బేటా" అందామె. "ఆయన గుడ ఒప్పుకుంటడు. తీస్కపో."

నాలుగింటి బస్సుకు ఖాజా సాగనంపడానికి వచ్చాడు. ఇక స్టూడియోకు పోనన్నాడు. కామారెడ్డిలో సాయంత్రం రైలు దొరికింది. ఎదుటి సీటు ఆసామి నా కాగితానికి నలుచదరంగా పడిన కంత చూసి ఎలుక కొరికిందా అని అడిగాడు. కాదన్నాను.

ఎల్లారెడ్డిలో చూడవలసిన వింత ఏమీ లేదు, ఆకలితో మాత్రం ఎవరూ పంపరు. మేనేజరుకు ఇవ్వాల్సిన జవాబు దారిలోనే సిద్ధం చేసుకున్నాను. అక్కడ రాయి లేదు. మరి తెల్లగా కనిపించినదేమిటని అడిగితే, ఒక దర్జీ ఆలస్యంగా ఇచ్చిన కొత్తబట్టలని చెబుతాను.