యేసన్న ఎక్కిన నిచ్చెన

మైదా ఉడుకుతున్న వాసన వస్తే నాకు ఇప్పటికీ ఎన్నికలే గుర్తుకొస్తాయి. నిన్న పొద్దున, అట్టలూడిన పాత పుస్తకాలు కొన్ని బాగుచేద్దామని పొయ్యి మీద లై, అంటే మైదా జిగురు, పెట్టాను. అది బుడగలు తేలి గరిటెకు అంటుకుంటూ, చప్పటి కమ్మదనమేదో వంటిల్లంతా పరుచుకోగానే గౌలిపురలోని మా గల్లీ, ఆ గోడలు, గోడల ముందు బర్రెలు, నిచ్చెన మీద యేసన్న, అంతా కళ్ళముందుకొచ్చింది.

యేసన్న బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం పొద్దున చర్చికి, సాయంత్రం మా పఠనమందిరానికి తప్పకుండా వచ్చేవాడు. పఠనమందిరమంటే ఒక గది, రెండు బెంచీలు, ఒక బీరువా. ఏడో తరగతితో బడి మానేసిన నాకు మిగతా చదువంతా ఆ బీరువాయే చెప్పింది. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వమే. అప్పటికి ఎర్రజెండా పార్టీ రెండుగా చీలి, మా గల్లీలోనూ రెండు గుంపులయ్యాయి. గదికి రెండు పత్రికలు వచ్చేవి. యేసన్న ఒక పద్ధతి పెట్టాడు: ఎవరి పత్రికను వాళ్ళు చదవకూడదు. వాళ్ళది మేము, మాది వాళ్ళు, అందరికీ వినబడేలా చదవాలి. అవతలి గుంపు నాయకుడు జనార్దన్ పక్క గల్లీవాడు, ఒక ఆఫీసులో గుమాస్తా, ఇస్త్రీ చొక్కా నలగనివ్వని మనిషి. మమ్మల్ని తిట్టిన సంపాదకీయాన్ని ఏరి మరీ నా చేతికిచ్చి, కాలు మీద కాలు వేసుకుని వినేవాడు. ఒకరోజు నేను ఆ తిట్లను గొణుగుతూ దాటేయబోయాను.

“ఏంది తమ్మీ, ఉపాసమున్నవా?” అన్నాడు యేసన్న. “ఆయన మాట ఆయన చదివినట్టే చదువు. తర్వాత కొట్లాడు. మస్తు కొట్లాడు, ఎవరొద్దన్నరు?”

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో మా గుంపు నుంచి యేసన్న, వాళ్ళ గుంపు నుంచి జనార్దన్ నిలబడ్డారు. ఇద్దరికీ పోటీ పత్తర్‌గట్టి బజారులో దుకాణాలున్న ఒక సేఠ్. మా గల్లీ కోరిక ఒక్కటే, మంచినీళ్ళ నల్లా. మా అమ్మలాంటి వాళ్ళు బిందెలు పట్టుకుని రెండు గల్లీలు దాటి వెళ్ళేవాళ్ళు. మేమేమో నల్లా సంగతి వదిలేసి గోడల మీద పడ్డాం. వాళ్ళ పోస్టరు మీద మాది, మా దాని మీద వాళ్ళది. మామూలుగా లైలో మైలుతుత్తం కలుపుతారు. ఆ నీలి విషానికి జడిసి పశువులు కాగితం ముట్టవు. మాది పాడి గల్లీ. “మా బర్రెలకేమన్న అయిందా, మీ ఇద్దరికీ ఓటు బంద్” అని పాలమ్మే రాజవ్వ రెండు గుంపులనూ నిలబెట్టి చెప్పింది. ఇద్దరం తుత్తం మానేశాం. పోలింగు ముందురోజు పొద్దున చూస్తే, మందంగా పేరుకున్న మైదాను కాగితాలతో సహా బర్రెలు నాకి నున్నగా చేసి నిలబడ్డాయి. సేఠ్ రంగులతో రాయించుకున్న తన పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

“ఇయ్యాల పాలు చిక్కగ దిగినయి బిడ్డా!” అంది రాజవ్వ. “మీ రెండు పార్టీలు మా బర్రె కడుపులనే కలిసినయి!”

గల్లీ అంతా నవ్వింది. సేఠ్ గెలిచాడు. మా రెండు గుంపుల ఓట్లు కలిపితే ఆయన కంటే ఎక్కువే. నల్లా రాలేదు. సేఠ్ కూడా మళ్ళీ మా గల్లీలోకి రాలేదు.

మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి రెండు గుంపుల పెద్దలూ కూర్చుని ఒక్క మనిషినే నిలబెడదామని ఒప్పుకున్నారు. యేసన్న పేరే వస్తుందనుకున్నాను. జనార్దన్ పేరు వచ్చింది. నా ఒళ్ళు మండిపోయింది.

“నేను రాను అన్నా. ఓటు గూడ ఎయ్య. ఆయన ఫొటో నేను మొయ్యాల్నా?” అన్నాను గదిలో అందరి ముందూ. మా వయసు వాళ్ళంతా అవునన్నట్టు తలూపారు. మేమంతా ఇళ్ళలో కూర్చుంటే సేఠ్‌కు అడ్డే లేదు.

“నాకు కడుపుల మండుతలేదనుకున్నవా?” అన్నాడు యేసన్న. “రాత్రి మీ వదిన ముంగట కూసోని జనార్దన్‌ను సాపిచ్చిన. ఆమె చెవులు మూసుకున్నది.”

“మరెందుకు ఒప్పుకున్నవే?”

“పోయినసారి నా ఫొటో బర్రె తిన్నది తమ్మీ. బిందె మోసే మీ అమ్మకు నల్లా మీద ఎవని పేరుంటే ఏంది?”

లై బకెట్టు తీసుకుని బయటికి నడిచాడు. పని చెయ్యడానికి కాదు, చూడ్డానికే అనుకుంటూ మేమూ వెంట వెళ్ళాం. ఈసారి జనార్దన్ వాళ్ళు నిచ్చెన తెచ్చారు, బర్రెలకు అందనంత ఎత్తులో అతికించాలని. యేసన్న చకచకా ఎక్కేశాడు. కింద జనార్దన్ నిచ్చెనను రెండు వేళ్ళతో ముట్టీ ముట్టనట్టు పట్టుకున్నాడు.

“గట్టిగ పట్టు భాయ్! అతికిచ్చేది నీ మొఖమే. నేను పడితే నువ్వు గూడ పడ్తవ్!”

జనార్దన్ రెండు చేతులా పట్టుకున్నాడు. లై ధారగా ఆ తెల్లచొక్కా మీదికి కారింది. “కారుతున్నది యేసన్నా!”

“కారనీ. నీ సంపాదకీయాలు నా మీద ఎన్ని కారలే!”

జనార్దనే ముందు నవ్వాడు. ఆ నవ్వుకు నిచ్చెన ఊగింది. చూసుకునేసరికి నా చెయ్యి దాని రెండో కాలు మీద ఉంది.

“ఓటెయ్యనోడు నిచ్చెనెందుకు పట్టిండు?” పైనుంచి అడిగాడు.

“నువ్వు పడతవని. అంతే.”

“గంతే చాలు తమ్మీ.”

ఓటు వేశాను. జనార్దన్ గెలిచాడు. నల్లా ముందు ఆయన గల్లీకే వచ్చింది. యేసన్న మమ్మల్నందరినీ వెంటేసుకుని వెళ్ళి, “దండేసిన చేతులతోనే తలుపు గొడ్తున్నం, బయటికి రా భాయ్” అని గద్దించాడు. అలా చాలాసార్లు తలుపు కొట్టాక మా గల్లీకీ నీళ్ళొచ్చాయి. మొదటి బిందె నింపుకున్న రోజు మా అమ్మ ఎవరికి ఓటేసిందో మర్చిపోయిందిగానీ, యేసన్న ఇంటికి పాయసం పంపడం మర్చిపోలేదు.

యేసన్న ఇప్పుడు లేడు. నిన్న అతికించిన పుస్తకాలను ఎప్పటిలాగే మా ఇంటి బీరువా మీద ఆరబెట్టడానికి స్టూలెక్కాను. మా ఆవిడా నేనూ పెళ్ళయిననాటి నుంచీ చెరో పార్టీకి ఓటేస్తున్నాం. ఆ పొద్దున కూడా పేపరు దగ్గర గట్టిగానే వాదులాడుకున్నాం. ఇంట్లో ఇప్పటికీ ఆమె పేపరు నేను, నా పేపరు ఆమె చదువుతాం.

“ఇంట్ల బర్రెలున్నయా ఏందయ్యా, గంత పైన పెడ్తున్నవ్?” అంది మూతి తిప్పుతూ. అని వచ్చి, స్టూలు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.