ఎర్రరంగు పూసిన పళ్లు

నిన్న జెద్దా ఆఫీసులో పక్క టేబులమ్మాయి గోళ్లరంగు సీసా తెరవగానే, ఆ ఘాటు వాసనకి నాన్న గుర్తొచ్చాడు.

అప్పట్లో మేం ఈ సౌదీలోనే బురైదా ఊళ్లో ఉండేవాళ్లం. అమ్మ నర్సు. డ్యూటీలో గోళ్లరంగు కూడదు కాబట్టి ఆవిడ సీసా నాన్నకే పనికొచ్చేది. ఆయనది లేత్ పని. ఒకసారి ఖర్జూర తోటలో నీళ్ల పంపు ఆగిపోతే, అందులో అరిగిన షాఫ్టుని ఇంటికి తెచ్చాడు, అలాంటిదే కొత్తది చెయ్యడానికి. దాని చుట్టూతా గేరు చక్రానికున్నట్టు పళ్లు. ఎప్పట్లాగే ఒక పన్నుకి ఎర్రచుక్క పెట్టాడు, లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టడానికి.

ఆయన టీకి లేవగానే, మిగతా పళ్లు చిన్నబుచ్చుకుంటాయని అన్నిటికీ రంగు పూసేశాను.

నాన్న నవ్వాపుకున్నాడు. "ఇప్పుడు మొదలేదో ఎలా తెలుస్తుంది తల్లీ? ఒక పన్ను మీద నీ వేలు పెట్టి ఉంచు. తిరిగి అక్కడికొచ్చేదాకా లెక్కపెడతా."

ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఇరవై నాలుగు వచ్చాయి.

"నువ్వు లేకపోతే ఆ తోట ఎండిపోయేదే" అన్నాడు, మైక్రోమీటరు అందుకుంటూ.

ఏళ్ల తరబడి నమ్మాను. ఆ రోజు షాఫ్టు కింద పరిచి ఉన్న ఆయన నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. అందులో 24 అని రాసిన అంకె మీద నేను ఒలకబోసిన రంగు ఎండిపోయి ఉంది. అంటే నేను సీసా మూత తియ్యకముందే ఆయన లెక్కపెట్టేశాడు. నా వేలితో ఆయనకి పనే లేదు.