వదిన తెచ్చిన గరుకు కాగితం

టైలరమ్మ చెయ్యి పడితే చిరుగు ఎక్కడుండేదో కనబడదని ఆ వీధిలో అందరికీ తెలుసు. అలాంటి చెయ్యి ఒకనాటి ఉదయం మిషను మీద నుంచి జారి ఆమె ఒళ్ళో పడింది. ఎత్తబోతే లేవలేదు. ఎవరి చెయ్యో తెచ్చి తన ఒళ్ళో పెట్టినట్టు దానివైపు చూస్తూ కూర్చుంది. బట్టల కోసం వచ్చిన పొరుగింటావిడ ఆమె మూతి ఒకపక్కకి లాగేయడం చూసి, చేతిలో సంచీ అక్కడే పడేసి ఆసుపత్రికి తీసుకుపోయింది.

వేళకి తెచ్చారు కాబట్టి గండం గడిచిందన్నారు డాక్టర్లు. మూతి సర్దుకుంది, నడక కుదిరింది. కుడిచెయ్యి మాత్రం మొండికేసింది. చేతికి కసరత్తు నేర్పే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ పిసకమంది. టైలరమ్మ కొన్నాళ్ళు పిసికి, ఇదేం చంటిపిల్లల ఆట అని విసుగెత్తి మంచం కిందకి దొర్లించేసింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. తెల్లారకముందే లేచి ఏదో వండి, మూతపెట్టి డ్యూటీకి పోయేవాడు. ఆ వంటలో ఒకరోజు ఉప్పుండేది కాదు, మరోరోజు ఉప్పు తప్ప మరొకటుండేది కాదు. అయినా ఆమె మాట్లాడకుండా తినేది. మాట్లాడకపోవడమే అతన్ని భయపెట్టింది. అక్కకి కబురు చేశాడు.

అక్క అంటే టైలరమ్మకి వదిన. బస్సు డిపోలో బస్సులకి రంగులు వేసి వేసి రిటైరైన మనిషి. నోరు కాస్త పెద్దది. పెళ్ళయిన కొత్తలో నలుగురిలో, "కుట్టుపనిదాని రవికకే కుట్టు వంకరపోయిందే" అని ఆవిడ అన్న మాట టైలరమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే వదిన సంచీతో గుమ్మంలోకి రాగానే ఆమె ప్రాణం ఉసూరుమంది.

వదిన పరామర్శలేమీ చేయలేదు. తిన్నగా వంటింట్లోకి పోయి, గోడ పొడుగునా ఉన్న పాత చెక్క అరల ముందు నిలబడింది. ముదురు గోధుమ రంగు పెచ్చులూడి, పిడుల చుట్టూ ఏళ్ళనాటి నూనె జిడ్డు బంకలా పేరుకుని ఉంది. వేలితో గీరి చూసి, వీటికి రంగు మార్చేద్దామంది. ఒంట్లో బాగోలేని మనిషిని పెట్టుకుని ఇప్పుడా అన్నాడు తమ్ముడు. అడ్డం రాకుండా డ్యూటీకి పొమ్మంది.

మర్నాడు అరల తలుపులన్నీ బందులూడదీసి వసారాలో పరిచింది. సబ్బునీళ్ళతో జిడ్డు కడిగి ఎండబెట్టింది. చెక్కముక్కకి గరుకు కాగితం చుట్టి, దానిమీద టైలరమ్మ కుడిచెయ్యి పెట్టి, గుడ్డపేలికతో వదులుగా కట్టింది.

"ఎడమచేత్తో దీన్ని నడిపించు అమ్మాయ్. చెక్క వాలు ఎటుంటే అటే రుద్దాలి."

టైలరమ్మకి ఒళ్ళు మండింది. జబ్బుమనిషి చేత చాకిరీ చేయిస్తోందని మనసులో తిట్టుకుంటూనే రుద్దింది. భుజం లాగేసింది. పాత రంగు పొడి ముక్కుకి కట్టుకున్న గుడ్డమీద పేరుకుంది. ఆ రాత్రి మాత్రం చాలా రోజుల తరవాత ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

అలా రోజుకో తలుపు. పగుళ్ళలో వదిన లప్పం పెట్టేది, ఆరాక టైలరమ్మ నున్నగా రుద్దేది. కొన్నాళ్ళకి కట్టు విప్పేసినా చెయ్యి చెక్కముక్కని వదలకుండా పట్టుకుంది.

ఇంతలో డ్రైవరుగారికి ఉత్సాహం పుట్టింది. సెలవు రోజున ఆడవాళ్ళిద్దరూ కూరలకి వెళ్ళి వచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామని, ఇంకా కడగని తలుపొకటి తీసుకుని, దానిమీదే అక్క తెచ్చిన అడుగురంగు పూసేశాడు. జిడ్డుమీద రంగు నిలవక, విరిగిన పాలలా ముక్కలు ముక్కలైంది. అక్క అతన్ని ఉతికి ఆరేసింది. తిట్లు తింటూ తింటూ అతను ఉక్రోషంగా అన్నాడు:

"నేనూ సాయం చేద్దామనే కదా. నీలాగా ముందు ఆసుపత్రికి పోయి అడిగి రావాలని నాకేం తెలుసు?"

వదిన ఠక్కున నోరు మూసింది. టైలరమ్మ ఏమిటది అని అడిగితే అతనే చెప్పాడు. ఇంటికి రాకముందే అక్క బస్సు దిగి ఆసుపత్రికి వెళ్ళిందట. కసరత్తు అమ్మాయి దగ్గర కూర్చుని, ఈ చేతికి ఏ పని మంచిది, ఎంతసేపు చేయించాలి, ఎప్పుడు ఆపాలి అని అన్నీ కనుక్కుందట. బంతి మూల పడిందని తెలిశాకే గరుకు కాగితం కొందట.

టైలరమ్మ ఆ చెడిపోయిన తలుపు దగ్గర కూర్చుంది. ఆరని రంగంతా రేకుతో గీరి, జిడ్డు కడిగి, మళ్ళీ మొదటినుంచి రుద్దింది. దానిమీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. కళ్ళు తుడుచుకుంటే చెంపలకి రంగు అంటింది.

పైరంగు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. వదిన మీగడ రంగంది, టైలరమ్మ లేతాకుపచ్చంది. ఇల్లాలి మాటే నెగ్గింది. పూతలన్నీ ఆరి తలుపులు ఎక్కించే రోజున, వదిన స్క్రూడ్రైవరు ఆమె కుడిచేతికిచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. స్క్రూ రెండుసార్లు కింద పడింది. మూడోసారి గాడిలో పడి, కొద్దికొద్దిగా తిరిగి, బిగిసింది.

"వదినా, మీకేమిచ్చుకోను?" అంది టైలరమ్మ.

"నువ్వు మిషను మీద దుప్పటి తీసెయ్. చూళ్ళేకపోతున్నాను," అంది వదిన. అని, తలుపు వదిలేసి ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. రంగులు పట్టి గరుకెక్కిన ఆ అరచేతుల వెచ్చదనం టైలరమ్మ కుడిచేతికి బాగా తెలిసింది.

మునుపటిలా కత్తిరింపులు చేయలేకపోయినా, ఆమె మెల్లగా అంచులు మడవడం, గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. పొరుగింటావిడకి అడక్కుండానే రెండు దిండు గలేబులు కుట్టిచ్చింది. భర్తని మాత్రం వంటింట్లోంచి పంపేసింది. అందుకు అతను అందరికన్నా ఎక్కువ సంతోషించాడు.

కొన్ని నెలలకి ఆమె వదిన ఇల్లు చూడబోయింది. జీవితమంతా ఊళ్ళో బస్సులకి రంగులు వేసిన మనిషి వంటింట్లో అరలు వెలిసిపోయి, చెక్క బయటపడి ఉన్నాయి. వాటికి ఎన్నడూ తీరిక దొరకలేదట. టైలరమ్మ కొంగు బిగించి, మొదటి తలుపు బందులు విప్పడం మొదలుపెట్టింది.

"ఇప్పుడెందుకే, కూర్చో," అంది వదిన.

"మీరే కూర్చోండి వదినా. రంగు మాత్రం మీకు నచ్చిందే వేద్దాం."